దిద్దని బ్లాక్ అండ్ వైట్: మూడు నెలల నా తిప్పలు, సలహా కావాలి

బత్తాయి_బజార్ (నల్గొండ)

అందరికీ నమస్తే. నేను నల్గొండలో లెక్కల టీచర్ని. ఫొటోలు సరదాకే, సంపాదనకు కాదు. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ ఫొటోలు చూసినప్పటి నుంచి పిచ్చి పట్టుకుంది. చిన్న లైకా కెమెరా, ఎక్కువగా 50 ఎంఎం లెన్సు, ఫ్లాష్ లేదు, తీసిన ఫ్రేమును కత్తిరించడు. నెగెటివ్ చుట్టూ ఉండే నల్ల అంచుతో సహా ప్రింటు వేయించేవాడని చదివాను.

సరే, నేనూ ఒట్టు పెట్టుకున్నాను. సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను, దాని మీద 35 ఎంఎం లెన్సు (నా కెమెరాలో అది ఇంచుమించు 50 కింద లెక్క). కెమెరాలోనే మోనో (బ్లాక్ అండ్ వైట్) పెట్టేశాను. కత్తిరింపు లేదు, యాప్ లేదు, కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) జరపడం లేదు. తీసింది తీసినట్టే. క్లాక్ టవర్ సెంటర్, బత్తాయి మార్కెట్, పానగల్ గుడి. మూడు నెలల్లో నాలుగు వేల పైచిలుకు ఫ్రేములు అయ్యాయి.

ఒక్కటీ కుదరలేదు. అన్నీ బూడిద పూసినట్టున్నాయి. ఎక్కడా నిండు నలుపు లేదు, తెలుపు లేదు. ఇంట్లో చూపిస్తే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆధార్ కార్డు జిరాక్స్ లెక్క ఉన్నయి."

నాలుగు ఫొటోలు కింద పెట్టాను. ఆయన కూడా ఏమీ దిద్దలేదు కదా. మరి ఆయనవి అలా, నావి ఇలా ఎందుకు? నిజాయితీగా తిట్టండి, పర్వాలేదు.

ప్రీసెట్_భాయ్ (హైదరాబాద్, సొంతూరు మిర్యాలగూడ)

అన్నా, కాంట్రాస్ట్ 30 పెంచు, నలుపు కొంచెం కిందికి లాగు, అయిపోయింది. రెండు నిమిషాల పనికి మూడు నెలల దీక్ష ఎందుకు?

హైపో_వాసన (మహబూబ్‌నగర్)

సారూ, నేను 1979లో మహబూబ్‌నగర్‌లో స్టూడియో తెరిచాను, 2006లో షట్టరు దించాను. కంప్యూటరు సంగతులు నాకు పెద్దగా తెలియవు. కానీ ఈ "దిద్దలేదు" అన్న మాట దగ్గర మీరు మోసపోయారని మాత్రం చెప్పగలను.

బ్రెసాన్‌కు డార్క్‌రూమ్ మీద మోజు లేదు. ఆయన ఫిల్ము కడిగి ప్రింట్లు వేసే పని ప్యారిస్‌లో పియర్ గాస్‌మన్ ల్యాబ్ చూసుకునేది. ఆయన పట్టుదలంతా ఫ్రేము మీదే. ప్రింటు వేసేవాడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోడు. ఎందుకంటారా, ఇరవై ఏడేళ్లు నేను చేసింది ఆ పనే.

ఎన్లార్జర్ (నెగెటివ్‌లోంచి వెలుగు పంపి బొమ్మను పెద్దది చేసే యంత్రం) కింద బ్రోమైడ్ పేపరు పెట్టి వెలుగు వేస్తాం. పన్నెండు సెకన్లు అనుకోండి. పెళ్లికొడుకు తెల్ల చొక్కా మడతలు కనపడాలంటే ఆ పన్నెండూ కావాలి. పక్కన నిలబడ్డ మేనమామది నల్లటి మనిషి ముఖం, అది పన్నెండు సెకన్లకు బొగ్గయిపోతుంది. అందుకని సైకిల్ పుల్లకు రూపాయి బిళ్లంత నల్ల అట్టముక్క అంటించి, నాలుగు సెకన్లు మామ ముఖం మీద నీడ పట్టేవాణ్ని. పుల్ల ఆడిస్తూనే ఉండాలి. ఆపామా, ముఖం చుట్టూ దేవుడి పటంలో లాగా తెల్ల చక్రం పడుతుంది. ఆకాశం మరీ తెల్లగా వస్తే పేపరంతా అరచేతులతో మూసి, ఆకాశం ఉన్న చోటికి మాత్రం వేళ్ల సందులోంచి ఇంకో ఆరు సెకన్లు వెలుగు పోసేవాణ్ని. ఇది ప్రతి స్టూడియోలో, ప్రతి ల్యాబ్‌లో ఉన్న పనే. దీన్ని మేం దిద్దడం అనలేదు, ప్రింటు వేయడం అన్నాం.

టచింగ్ అంటే అది వేరు. మొటిమ మచ్చ నెగెటివ్‌లో పలచగా ఉంటుంది. మొన తేలిన పెన్సిల్‌తో అక్కడ సన్నగా రాస్తే ప్రింటులో మచ్చ మాయం. పెళ్లి సంబంధం ఫొటో అంటే టచింగ్ లేకుండా ఇచ్చేదే లేదు, దానికి ఛార్జీ వేరే. ఒకసారి ఒక పిల్ల గడ్డం మీద పుట్టుమచ్చ కూడా తీసేశాను, వాళ్ల నాయన అడిగాడని. పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి అడిగిందట, "ఫొటోల లేని మచ్చ ముఖానికెట్ల వచ్చింది" అని. సంబంధం పోలేదు గానీ, వాళ్ల నాయన మళ్లీ నా స్టూడియో మెట్టెక్కలేదు.

మేనమామ ముఖానికి నీడ పట్టింది తప్పు కాదు. పుట్టుమచ్చ తీసింది తప్పు. నాకు తెలిసిన గీత అదొక్కటే.

బత్తాయి_బజార్

అంటే ఇన్నాళ్లూ నేను కడిగిన ఫిల్మును చూసి ఇదే ప్రింటు అనుకుంటున్నానన్నమాట. మరి కత్తిరించకపోవడం అయినా నిజమేనా? అది కూడా కథేనంటే కెమెరా అమ్మేస్తా.

వనపర్తి_లెక్చరర్

అమ్మకండి. అది చాలా వరకు నిజం, ఒక పేరుమోసిన మినహాయింపు తప్ప. 1932లో ప్యారిస్ సెయింట్ లాజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు. నీటి మడుగు మీదుగా దూకే మనిషి, మడమ ఇంకా నీళ్లకు తగలలేదు, కింద నీడ తగలడానికి సిద్ధంగా ఉంది. అది కంచె చెక్కల సందులోంచి తీసింది. సందు లెన్సుకు సరిపోక ఎడమ పక్క చెక్క అడ్డం వచ్చింది. ఆ ముక్కను ప్రింటులో తీసేశారు. ఆయన అందరికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ కత్తిరించిన ఫొటోతోనే.

ఇంకో సంగతి. 1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు వల్ల "నిర్ణయాత్మక క్షణం" అన్న మాట ఊరంతా పాకింది. దాంతో అందరూ ఆ క్షణం కోసం వేటగాళ్లలా తయారయ్యారు. ఫ్రెంచిలో పేరు వేరు: ఇమాజ్ ఆ లా సోవెత్. లైసెన్సు లేకుండా రోడ్డు పక్కన సరుకు పరిచి, పోలీసు కనపడగానే మూట కట్టుకునే వాళ్ల గురించి అక్కడ వాడే మాట అది. హడావుడిగా, చాటుమాటుగా తీసిన బొమ్మలని అర్థం. క్లాక్ టవర్ దగ్గర తోపుడుబండ్ల వాళ్లకు ఈ పేరు వెంటనే అర్థమవుతుంది.

హైపో గారు చెప్పిన గీతకు ఒక సాక్ష్యం ఇస్తాను. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో బహుమతి వచ్చిన ఒక ఫొటోను తర్వాత రద్దు చేశారు. మూలం రంగుల ఫొటో. దాన్ని బాగా కత్తిరించి, బ్లాక్ అండ్ వైట్ చేసి, మూలలు నల్లబరిచి పంపారు. అదంతా సరేనన్నారు. వేళ్ల వెనక కనిపించే ఎవరిదో పాదం ముక్కను చెరిపేశారు చూడండి, దానికి రద్దయింది. మేనమామ, పుట్టుమచ్చ లెక్కే కదా.

ఇక అమెరికన్ ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ అయితే ఇంకో కొస. ఆయన పియానో నేర్చుకున్న మనిషి, నెగెటివ్‌ను స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు. 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు వచ్చిన ఫొటో తీశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగు. ఏళ్లు గడిచాక అదే నెగెటివ్‌తో వేసిన ప్రింట్లలో ఆకాశం ఇంచుమించు నల్లటి నలుపు. అయినా ఆయన్ను ఎవరూ మోసగాడు అనలేదు.

ప్రీసెట్_భాయ్

లెక్చరర్ సార్ నా పార్టీలోకి వచ్చేశారు, సంతోషం.

ఇంకో మాట, ఇది సీరియస్‌గానే అంటున్నా. అన్న "కెమెరాలోనే మోనో, ఏమీ దిద్దలేదు" అంటున్నాడు. సెన్సార్ (కెమెరాలో వెలుగు పట్టే చిప్పు) ముందు పట్టేది రంగుల లెక్కే. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసింది, ఎరుపు ఎంత బూడిద, పచ్చ ఎంత బూడిద అని నిర్ణయించింది, అంచులు పదును పెట్టింది కెమెరా కంపెనీ ఇంజనీరు. ఫోన్లో అయితే మరీ ఘోరం, ఒక్క నొక్కుకు పది ఫ్రేములు తీసి కలిపేస్తుంది. కాబట్టి అన్న దిద్దలేదంటే, దిద్దే పనిని జపాన్‌లో కూర్చున్న ఎవరికో అప్పజెప్పాడన్నమాట. ఆ ఇంజనీరుకు బత్తాయి అంటే ఏంటో తెలియదు.

గొంగడి_నీడ (దేవరకొండ)

భాయ్ చెప్పింది ఒప్పుకోవాల్సిందే. కానీ మాస్టారు ఫొటోల జబ్బు అది కాదు. మూడోది, బత్తాయి కుప్పల ఫొటో బాగా చూశాను. రెండు రోగాలున్నాయి.

నాది పశువైద్య శాఖలో ఫీల్డు ఉద్యోగం. గొర్రెలకు నట్టల మందు తాగించడానికి మందల దగ్గరికి తిరుగుతుంటాను, సంచిలో కెమెరా ఉంటుంది. రెండేళ్ల కింద ఏప్రిల్‌లో, దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో, ఒక గొల్ల తాత వేపచెట్టు మొదట్లో కూర్చున్నాడు. నల్ల గొంగడి ముసుగేసుకుని, లోపల తెల్ల రుమాలు. ఫ్రేము నిండా గొంగడే వచ్చేలా దగ్గరికెళ్లి తీశాను. ఇంటికొచ్చి చూస్తే గొంగడి కడిగిన పలకలా బూడిద రంగులో ఉంది, రుమాలు కాగితం ముక్కలా తెల్లగా పేలిపోయింది, తాత ముఖం పాలిపోయింది.

ఏమైందంటే, కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు గొంగడి అని తెలియదు. దానికి లోకమంతా ఒకే మధ్యరకం బూడిద, మీద పడ్డ వెలుగులో నూటికి 18 వంతులు తిప్పి పంపే బూడిద. నల్లది చూపిస్తే "అయ్యో చీకటిగా ఉంది" అని వెలుగు ఎక్కువ పోస్తుంది. తెల్లది చూపిస్తే "అమ్మో ఎక్కువైంది" అని తగ్గిస్తుంది. అందుకే పత్తి కుప్ప తీస్తే మురికి పత్తి వస్తుంది, గొంగడి తీస్తే ఉతికిన గొంగడి వస్తుంది. ఇప్పుడు గొంగడి నిండిన ఫ్రేముకు మీటరు చెప్పినదానికంటే రెండు స్టాపులు తగ్గించి తీస్తాను (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమైనట్టు). పత్తికి ఒకటిన్నర పెంచుతాను. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో లెక్కగట్టిన జోన్ పద్ధతి ఇదే. నిండు నలుపు సున్నా, నిండు తెలుపు పది, మీటరు చెప్పేది ఐదు. గొంగడిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో నొక్కకముందే మీరు చెప్పాలి. మూడో మెట్టు మీద పెడితే ఉన్ని పోగులు, చేత్తో వడికిన దారంలో లావు సన్నం తేడాలు కూడా కనపడతాయి, అయినా నల్లగానే ఉంటుంది.

మాస్టారి నాలుగు వేల ఫ్రేములూ ఐదో మెట్టు మీద కూర్చున్నాయి. మొదటి రోగం అది.

రెండోది రంగులు. మార్కెట్‌లో మీ కంటికి ఏం కనపడింది? పచ్చ బత్తాయి, నీలం టార్పాలిన్, ఖాకీ చొక్కా, ఎర్రమట్టి. బ్రహ్మాండంగా ఉంటుంది. రంగు తీసేస్తే నాలుగూ ఇంచుమించు ఒకే బూడిద. రంగుల్లో వేరు, వెలుగులో ఒకటే. కళ్లు చికిలించి చూడండి, తేడా చెరిగిపోతే ఆ ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో నిలబడదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఇంకా చప్పగా ఉంటుంది. పొద్దున ఏడుకు, వెలుగు పక్కనుంచి పడేటప్పుడు అదే బత్తాయికి ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా అవుతుంది. తొక్క మీద రంధ్రాలు కూడా లేస్తాయి.

హైపో_వాసన

బిడ్డా, సక్కగ చెప్పినవ్. ఇంకొకటి కలుపుతా. నేను పని నేర్చుకున్న స్టూడియోలో గురువు ఆర్థో ఫిల్ములు వాడేవాడు. దానికి ఎరుపు కనపడదు, అందుకే ఎర్ర లైటులో చూసుకుంటూ కడిగేవాళ్లు. ఆ ఫొటోల్లో ముత్తైదువల కుంకుమ బొట్టు కాటుక బొట్టులా నల్లగా వచ్చేది, తాంబూలం వేసుకున్న పెదాలూ అంతే. అన్ని రంగులూ కనపడే పాన్ ఫిల్ము వచ్చాక అదే కుంకుమ మధ్యరకం బూడిద. ఏది నిజం? రెండూ దిద్దనివే.

బత్తాయి_బజార్

అక్కా, మీ పోస్టు రెండు సార్లు చదివి నోట్సు రాసుకున్నాను. పిల్లలకు సగటు చెప్పేది నేనే, కెమెరా నాకు సగటు చూపిస్తే గుర్తుపట్టలేకపోయాను.

మరి పానగల్ ఛాయా సోమేశ్వరాలయం సంగతి? లోపల లింగం వెనక గోడ మీద నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది కదా. నీడను పట్టుకుంటే గర్భగుడి అంతా చీకటి. గర్భగుడి కనపడేలా తీస్తే బయటి మండపం తెల్లగా పేలిపోతుంది. చేతిలో పట్టుకుని తీస్తే చెయ్యి వణుకు. పదిసార్లు వెళ్లి ఉంటాను.

హైపో_వాసన

ఆ గుడి దగ్గర బ్రెసాన్‌ను వదిలేయండి సారూ. అక్కడ మీకు కావలసింది రాజా దీన్ దయాళ్.

మా ఊరికి మహబూబ్‌నగర్ అని ఏ నిజాం పేరు మీద వచ్చిందో, ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో దీన్ దయాళ్ ఫొటోగ్రాఫరు. ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. 1892లో హైదరాబాద్‌లో పరదా ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టాడు, లోపల ఫొటో తీసేది కూడా ఆడమనిషే. ఆయనది గాజు పలకల కాలం. స్టాండు మీద పెద్ద చెక్క పెట్టె, తల మీద నల్ల గుడ్డ. కోట ముందు నిలబెట్టి, వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసి, అది సరైన చోటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మూత తీసేవాడు. అంగడికి బ్రెసాన్ దారి, గుడికి దయాళ్ దారి.

పానగల్‌లో నీడ ఎందుకు కదలదు? అది నేరుగా పడే ఎండకు పుట్టిన నీడ కాదు. చుట్టూ తగిలి చెదిరి లోపలికి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డం పడితే వచ్చిన నీడ. సూర్యుడు తిరిగినా ఆ చెదిరిన వెలుగు దారి మారదు. కుందూరు చోళుల కాలంలో, తొమ్మిది వందల ఏళ్ల కింద రాళ్లు పేర్చినవాళ్లకు ఆ లెక్క తెలుసు. కాబట్టి మీకు తొందర లేదు. స్టాండు వేయండి, పూజారి గారిని అడిగి జనం లేని వేళ చూసుకోండి, ఎక్స్‌పోజరు సెకను, రెండు సెకన్లు ఇవ్వండి. మబ్బు రోజు వెళ్లండి, బయటికీ లోపలికీ తేడా తగ్గుతుంది. బయటి మండపాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. అన్నీ ఒకే ఫొటోలో కావాలనుకోవడమే మీ తప్పు. నీడ కావాలా, గుడి కావాలా, ఒకటి తేల్చుకోండి.

మర్రిగూడ_దోస్త్

చాలాసేపటి నుంచి చదువుతున్నా. కెమెరా సంగతులు నాకు అంతగా తెలియవు, చూసేవాణ్ని మాత్రమే. ఒకటి అడగాలనిపించింది.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి నీళ్లు శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచంలో "నల్గొండ టెక్నిక్" అని పేరు కూడా పెట్టారు. పేరు మాకు, నొప్పులు మాకు. మా చిన్నప్పటి నుంచి ఫొటోలు తీసేవాళ్లు వస్తూనే ఉన్నారు. బ్లాక్ అండ్ వైట్ అయితే బాధ ఎక్కువ కనపడుతుందట. ఒకాయన మా పెద్దమ్మను నీడలో నుంచి లేపి ఎండలో కూర్చోబెట్టాడు. చీర మోకాళ్ల దాకా జరపమన్నాడు. "నవ్వొద్దమ్మా" అన్నాడు. మా పెద్దమ్మ నవ్వకుండా ఉండే మనిషి కాదు, కోడలి మీద జోకులేస్తూ కూర్చునే ముసలామె. ఆ ఫొటో ఎక్కడో ప్రదర్శనలో పెట్టారు. కింద "ఎలాంటి మార్పులూ చేయని ఫొటో" అన్నట్టు రాశారని మా తమ్ముడు చూసొచ్చి చెప్పాడు.

కంప్యూటర్లో దిద్దలేదు, సరే. మా పెద్దమ్మను దిద్దాడు కదా?

గొంగడి_నీడ

దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. తాత ఫొటో తీసేటప్పుడు నేను కూడా "ముసుగు కొంచెం వెనక్కి జరుపు తాతా" అన్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది.

వనపర్తి_లెక్చరర్

దోస్త్ గారి ప్రశ్న ఈ చర్చలో మిగతా అన్నింటికంటే పెద్దది.

ఇలాంటి ఊరే జపాన్‌లో ఒకటుంది, మినమాటా. ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలో కలిసి, చేపలు తిన్నవాళ్లకు నరాలు దెబ్బతిన్నాయి. 1971 నుంచి అమెరికన్ ఫొటోగ్రాఫరు యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ అక్కడ కాపురమే పెట్టారు, మూడేళ్లు. ఊరివాళ్లలో ఊరివాళ్లై ఉన్నారు. తల్లి తన కూతురిని నీళ్ల తొట్టిలో ఒళ్లో పట్టుకుని స్నానం చేయిస్తున్న ఫొటో అక్కడిదే. తల్లి ఒప్పుకుని తీయించుకున్నదే. ఆ కూతురు చనిపోయాక కొన్నేళ్లకు ఇక ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వాలని తల్లిదండ్రులు కోరారు. 1998లో ఆ ఫొటో మీద నిర్ణయాన్ని ఐలీన్ వాళ్లకే వదిలేసింది, కొత్తగా అచ్చుకు ఇవ్వడం ఆపేసింది. అందుకే నేనూ ఇక్కడ లింకు పెట్టడం లేదు.

తమాషా ఏమిటంటే ఇదే స్మిత్ ప్రింటు దగ్గర ఏ నియమం పెట్టుకోని మనిషి. 1954లో ఆఫ్రికాలో డాక్టర్ ష్వైట్జర్ మీద చేసిన ఫొటోల్లో ఒకదానికి వేరే నెగెటివ్ నుంచి రంపం పిడి, ఒక చెయ్యి తెచ్చి అతికించాడు. హైపో గారి గీత ప్రకారం అది పుట్టుమచ్చకంటే ఘోరం. నా మట్టుకు నాకు ఆ అతుకు తప్పే. కానీ మీ పెద్దమ్మను ఎండలో కూర్చోబెట్టినాయన కంటే, మూడేళ్లు ఆ ఊరి నీళ్లు తాగిన స్మిత్‌నే నమ్ముతాను. ఇందులో పొందిక లేదని తెలుసు.

ప్రీసెట్_భాయ్

దోస్త్, మీ పెద్దమ్మ నవ్వే ఫొటో ఉందా మీ దగ్గర?

మర్రిగూడ_దోస్త్

ఫోన్లో ఉంది. రంగులది. మసకమసకగా ఉంది, పెళ్లిలో తీసింది. అదే ఫ్రేము కట్టించాం.

బత్తాయి_బజార్

పద్దెనిమిది రోజుల తర్వాత వస్తున్నాను. పరీక్షల పేపర్లు దిద్దడంతో ఆలస్యమైంది (అక్కడ దిద్దక తప్పదు).

దోస్త్ పోస్టు చదివాక మూడు రోజులు కెమెరా ముట్టలేదు. తర్వాత మార్కెట్‌కే వెళ్లాను, కానీ ఈసారి తిరగలేదు. ఒక షెడ్డులో పైకప్పు రేకు ఒకటి ఊడిపోయి ఉంది. పొద్దున ఆరు యాభై నుంచి ఏడున్నర దాకా ఆ కంతలోంచి ఎండ ఏటవాలుగా, మంచమంత మేర నేల మీద పడుతుంది. చుట్టూ చీకటి. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎండ పడే చోటు చూసి ఎక్స్‌పోజరు ముందే చేత్తో పెట్టేశాను, ఇక మీటరు మాట వినలేదు.

మొదటి రోజు హమాలీలు నన్ను చూసి గంపలు దించేశారు. "ఏం సారూ, కమీషన్ లెక్కలు రాసుకపోతందుకు వచ్చినవా?" అన్నాడొకాయన. లెక్కల సారునే గానీ ఆ లెక్కలు కాదన్నాను. చాయ్ తాగించారు. రెండో రోజు ఒక్క ఫ్రేమూ తీయలేదు, వానమబ్బు. మూడో రోజుకు నేనూ ఒక స్తంభాన్నైపోయాను. నాలుగో రోజు, కాయలు ఏరే ఒకామె ఆ ఎండలోకి వంగి, బత్తాయి ఒకటి తీసి, మచ్చ ఉందేమోనని వెలుగుకు ఎత్తి పట్టింది. నేనేమీ చెప్పలేదు. పదకొండు ఫ్రేములు తీశాను. ఆమెకు చూపించాను, "కాయ మంచిగనే వచ్చింది, నేనే నల్లగొచ్చిన" అని నవ్వింది. పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోమంది.

ఐదో ఫ్రేము కింద పెట్టాను. బత్తాయికి ఒక చెంప తెలుపు, తొక్క మీద రంధ్రాలు లెక్కపెట్టొచ్చు. ఆమె వేళ్ల మీద జిగురు మెరుస్తోంది. ముఖం సగం వెలుగు, సగం చీకటి. కానీ కుడి అంచున ఎవరిదో మోచెయ్యి దూరింది. నొక్కేటప్పుడు చూడనేలేదు. కొంచెం కత్తిరిస్తే పోతుంది. చెయ్యి పీకుతోంది.

మా ఆవిడకు చూపించాను. "ఇది జిరాక్స్ కాదు" అంది. తర్వాత, "ఆ మోచెయ్యి ఎవరిది?"

ప్రీసెట్_భాయ్

అన్నా, ఫొటో అదిరింది. మోచెయ్యి కత్తిరించు, ఎవరికీ తెలియదు. సెయింట్ లాజార్ చెక్క అనుకో.

గొంగడి_నీడ

ఉండనివ్వండి. అంగడి అంటేనే ఒకరి మోచెయ్యి ఒకరికి తగలడం. కాకపోతే చీర కుచ్చిళ్ల దగ్గర నలుపు పూర్తిగా మూసుకుపోయింది, అర స్టాప్ ఎక్కువ ఇవ్వాల్సింది. బత్తాయి తెలుపుకు ఇంకా చోటుంది.

హైపో_వాసన

నాలుగు రోజులకు పదకొండు ఫ్రేములు. మూడు నెలలకు నాలుగు వేలు. సారు లెక్కలు నాకంటే బాగా చేస్తాడు.

మోచెయ్యి గురించి నేను చెప్పను. ముందు కాగితం మీద వేయించి గోడకు అంటించండి, వారం చూడండి. వారం తర్వాత కూడా మోచెయ్యే కనపడితే కత్తిరించండి, బత్తాయి కనపడితే వదిలేయండి.

ఇంకో మాట. నా యాషికా మ్యాట్ అటక మీద ఉంది, షట్టరు ఇంకా పలుకుతోంది. రోల్‌కు పన్నెండే ఫ్రేములు. పైనుంచి అద్దంలోకి చూడాలి, కుడి ఎడమలు తిరగబడి కనపడతాయి, మొదట్లో తల తిరుగుతుంది. ఎన్లార్జరూ ఉంది, దాని లెన్సుకు ఒక మూల ఫంగస్ పట్టింది, నడుస్తుంది. ఒక ఆదివారం వస్తే కడగడం, ప్రింటు వేయడం చూపిస్తా. సైకిల్ పుల్ల కూడా పారేయలేదు.

బత్తాయి_బజార్

ఈ ఆదివారమే వస్తా కాకా. దేవరకొండ మీదుగా పొద్దున బస్సులో.

గొంగడి_నీడ

అయితే దేవరకొండ బస్టాండులో నేనూ ఎక్కుతా. సీటు ఆపండి మాస్టారూ.

హైపో_వాసన

రండి. వచ్చేటప్పుడు ఎర్ర బల్బు ఒకటి తెండి, నాది మాడిపోయింది. దీపావళికి కట్టే ఎర్ర జీరో బల్బు మాత్రం వద్దు. దాని పెయింటు సందుల్లోంచి తెల్ల వెలుగు కారి పేపరంతా పాడుచేస్తుంది.